ఎదురింటి తలుపు: అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు

అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు గురించి మాట వచ్చినప్పుడల్లా తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది: మనుషులు మారిపోయారు, పూర్వపు ఆప్యాయతలు పోయాయి అని. నాకు ఆ తీర్పు మీద నమ్మకం లేదు. గజపతినగరం చుట్టుపక్కల బొండపల్లి, మెంటాడ, దత్తిరాజేరు, గంట్యాడ పల్లెల నుంచి వచ్చి విజయనగరంలోనో విశాఖలోనో ఫ్లాటు కొనుక్కున్న మనిషిని గమనించండి. పండక్కి ఊరెళితే ఆ మనిషే బస్సు దిగిన చోటి నుంచి ఇంటికి చేరేలోపు ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతాడు. ‘ఏటి బాబూ, ఎప్పుడొచ్చావు, గుంటలెలగున్నారు?’ అని అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా జవాబు చెబుతాడు. పండగ వెళ్లి ఫ్లాటుకు తిరిగొచ్చాక, ఎదుటి తలుపు మీది పేరు పలక తప్ప ఆ ఇంటివాళ్ల గురించి అతనికి ఏమీ తెలియదు. మనిషి అతనే, మనసూ అదే. మారిందల్లా అతని చుట్టూ ఉన్న ఏర్పాటు.

ఇరుగుపొరుగు స్నేహం మంచితనంలోంచి పుట్టుకురాదు. మాటిమాటికీ ఎదురుపడే చోటు ఒకటుండాలి. చిన్న చిన్న అవసరాలకు ఒకరినొకరు అడిగే వీలుండాలి. అపార్ట్‌మెంటు ఈ రెండింటినీ తీసేసి, వాటి స్థానంలో నెలకింత మెయింటెనెన్సు పెట్టింది. తీసేసిన వాటిని మళ్లీ తెచ్చుకోగలమా, తెచ్చుకోవాలంటే ఏం చెయ్యాలి అన్నది ఈ వ్యాసం విషయం.

ముందు వీధి సంగతి. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని, గోడకు గోడ కలిసి, వీధి పొడవునా వరసగా ఉంటాయి. ముందు అరుగు, వెనక పెరడు. ఒక ఇంటి అరుగు ఎక్కడ ముగిసి పక్కింటిది ఎక్కడ మొదలవుతుందో కొత్తవాడికి తెలియదు. మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీయడం, బియ్యంలో రాళ్లేరడం, సాయంత్రం జడలల్లుకోవడం అన్నీ అక్కడే. నీళ్లకు నుయ్యో వీధి కొళాయో ఉండేది. బిందె నిండేలోపు నాలుగు మాటలు. ఎవరూ స్నేహం చేద్దామని అక్కడికి వెళ్లలేదు, నీళ్లకు వెళ్లారు. స్నేహం నీళ్లతో పాటు ఇంటికి వచ్చింది.

ఇక చేబదుళ్లు. తోడుకు చెంచాడు మజ్జిగ, చుట్టాలొస్తే గ్లాసుడు పంచదార, పెళ్లివారొస్తే కుర్చీలు, కొబ్బరికాయ కొట్టడానికి కత్తి. పక్కింటి గిన్నె వస్తే దాన్ని ఖాళీగా తిరిగి పంపకూడదనే ఆచారం ఉండేది. కనీసం రెండు పచ్చిమిరపకాయలైనా వేసి పంపేవారు. దాంతో లెక్క ఎప్పటికీ తేలదు. ఎవరో ఒకరు ఎప్పుడూ కొంచెం బాకీ. ఆ బాకీ వల్లే మళ్లీ తలుపు తెరుచుకుంటుంది. కానుక ఎప్పుడూ తిరుగు కానుకను కోరుతుందని, మనుషులను కలిపి ఉంచేది ఆ రాకపోకలేనని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో వివరంగా రాశాడు. ఆయన పసిఫిక్ దీవుల మీద, అమెరికా ఆదివాసుల మీద వచ్చిన పరిశోధనలు చదివి రాసిన సంగతి మన పెరటి గోడ మీంచి రోజూ నడిచింది.

అయితే ఆ వీధిని పటం కట్టి పూజించడం కూడా సరికాదు. వీధి అంటే కులం. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఏ నూతిలో ఎవరు చేద వెయ్యవచ్చో ముందే రాసి పెట్టి ఉండేది. వీధంతా ఒకే ఇల్లు అని మురిసినవాళ్లు ఊరి చివరి వీధిని లెక్కలో వేసుకోలేదు. అపార్ట్‌మెంటుకు ఉన్న గొప్ప అవకాశం ఇక్కడే ఉంది. ఒకే మెట్ల మీద, ఒకే లిఫ్టులో, పుట్టుకతో సంబంధం లేకుండా మనుషులు పక్కపక్కన చేరడం మన సమాజంలో చాలా కొత్త. దాన్ని కూడా మనం చెడగొట్టుకుంటున్నాం. అద్దెకు ఇల్లు అడగడానికి వచ్చినవాళ్లను ‘మీరేమిట్లు?’ అని అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువేం లేరు. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు కూడా అదే ప్రశ్నను ఇంకో రకంగా అడుగుతుంది.

కట్టడానికీ స్నేహానికీ సంబంధం ఎంత అన్నదాని మీద మంచి పరిశోధన ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలోని ఎం.ఐ.టి. ఆవరణలో, పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన ఇళ్లను లియాన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు పరిశీలించి 1950లో పుస్తకం వేశారు. ఒకే అంతస్తులో పక్క తలుపువాళ్లను స్నేహితులుగా చెప్పినవారు 41 శాతం. రెండు తలుపుల అవతలికి వెళ్తే అది 22 శాతం. అంతస్తు ఆ చివరివాళ్ల విషయంలో 10 శాతం. తలుపుకూ తలుపుకూ మధ్య దూరం కొన్ని అడుగులే, అయినా అంత తేడా! మెట్ల మొదట్లో ఉన్న ఇంటివాళ్లకు పై అంతస్తులోనూ స్నేహితులు ఎక్కువ, ఎందుకంటే పైవాళ్లు వాళ్ల గుమ్మం ముందు నుంచే నడిచేవాళ్లు. అక్కడున్నవాళ్లంతా ఒకే వయసు, ఒకే చదువు, ఒకే రకం జీవితం అన్నది మరిచిపోకూడదు. మన అపార్ట్‌మెంట్లలో అంత పోలిక ఉండదు.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 1976లో ఎబెసన్, ఆయన తోటివారు కాలిఫోర్నియాలోని ఒక నివాస సముదాయంలో ఇష్టంలేనివాళ్లు ఎవరని కూడా అడిగారు. ఆ పేర్లూ దగ్గర ఇళ్లలోనే తేలాయి. చప్పుడు, చెత్త, కారు నిలిపే చోటు అన్నీ దగ్గరివాళ్లతోనే కదా తగాదా. కాబట్టి దగ్గరగా ఉండడం దానంతట అది స్నేహం కాదు. అది ఎదురుపడే వీలును మాత్రమే ఇస్తుంది. ఆ ఎదురుపడడం పై అంతస్తు బకెట్టు నీళ్లు మన బట్టల మీద పడ్డ రోజునే మొదటిసారి జరిగితే, పరిచయం తగాదాతోనే మొదలవుతుంది. అంతకుముందే ఒకసారి ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్లినవారైతే అదే మాట నవ్వుతూ చెప్పుకుంటాం. తగాదా రాకముందే పలకరించి ఉండాలనడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనబడదు.

సింగపూరు దగ్గర నేర్చుకోదగింది ఒకటుంది. అక్కడ దాదాపు 80 శాతం జనం ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన బహుళ అంతస్తుల్లోనే ఉంటారు. వాటిలో చాలా భవనాల కింది అంతస్తును 1970ల నుంచి ఖాళీగా వదిలారు. పెళ్లి విందులు అక్కడే, చావు కార్యాలు అక్కడే, ముసలివాళ్ల చదరంగం అక్కడే. మన అపార్ట్‌మెంట్లకూ సరిగ్గా అలాంటి కింది అంతస్తే ఉంది, స్తంభాల మీద నిలబడి. దాన్ని మనం మొత్తంగా కార్లకూ బళ్లకూ ఇచ్చేశాం. నాలుగు సిమెంటు బల్లలు వేసుకునే చోటైనా మిగుల్చుకోకపోవడం అన్యాయం. సింగపూరు 1989 నుంచి ప్రతి భవనంలో ఏ జాతివారు ఎంతమంది ఉండవచ్చో పరిమితి కూడా పెట్టింది. అలాంటి నిబంధన ఇక్కడ ఎవరైనా తెస్తారని కాదు. పొరుగు అనేది దానంతట అది కుదిరిపోతుందని వాళ్లు నమ్మలేదు, అది గమనించాలి.

పొరుగు పరిచయం ప్రాణం నిలబెడుతుందా? నిలబెడుతుందనడానికి దాఖలాలు ఉన్నాయి. 1995 జులైలో షికాగో నగరంలో వడగాడ్పుకు మామూలు కంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. ఎరిక్ క్లైనన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆనుకుని ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. రెండింటిలోనూ పేదరికం ఉంది, ఒంటరి వృద్ధులూ ఉన్నారు. అయినా ఒక పేటలో మరణాల రేటు రెండో దానికి దాదాపు 10 రెట్లు. తక్కువ మరణాలున్న పేటలో వీధి నిండా దుకాణాలు, మనుషులు. ముసలివాళ్లకు బయటికి రావడానికి పనీ ఉంది, ధైర్యమూ ఉంది. ఎక్కువ మరణాలున్న పేట వీధులు పాడుబడి ఉన్నాయి. తలుపులు మూసుకుని లోపలే ఉండిపోయినవాళ్లు లోపలే పోయారు. ఎండాకాలం మన రేకుల షెడ్లనూ, పై అంతస్తు ఫ్లాట్లనూ తలచుకుంటే ఇది పరాయి కథ అనిపించదు.

అదే ఏడాది జనవరి 17న జపాన్‌లో కోబె భూకంపం. ఆరు వేల నాలుగు వందల మందికి పైగా పోయారు. అవజి దీవిలో హొకుదాన్ అనే చిన్న ఊళ్లో మాత్రం శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లను ఊరివాళ్లే ఆ రోజే బయటికి తీశారు. ఏ ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో పక్కింటివాళ్లకు తెలుసు, ఎక్కడ తవ్వాలో వెతుక్కోవలసిన పని లేకపోయింది.

మన దగ్గరి అనుభవమూ చిన్నది కాదు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలూ దెబ్బతిన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే మేడ మీది ట్యాంకు ఖాళీ. ఫోన్లు పనిచెయ్యలేదు. అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు మెట్ల మీద వరసగా నిలబడి బిందెలు అందుకున్నారు. కారు బ్యాటరీతో ఒకరి ఫోన్లు ఒకరు చార్జి చేసుకున్నారు. పాలు దొరికిన ఇంటివాళ్లు పసిపిల్లలున్న ఇళ్లకు పంచారు. ఆ రోజుల గురించి విశాఖ అపార్ట్‌మెంటువాసులు చెప్పుకునేటప్పుడు గొంతులో ఒకలాంటి సంతోషం వినబడుతుంది. అది కష్టం మీది సంతోషం కాదు, మనుషులు దొరికిన సంతోషం. కరెంటు వచ్చాక మళ్లీ తలుపులు మూసుకున్నాయి. అడిగే అవసరం తీరిపోగానే అడిగే అలవాటూ పోయింది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు ప్రమాద సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీయే తేల్చింది. 12 మంది పోయారు. ఆ చీకట్లో తలుపులు బాదిన చేతులే సైరన్‌గా పనిచేశాయి. ఎవరి ఇంట్లో ముసలివాళ్లున్నారో, ఎవరికి లేవడం కష్టమో తెలిసినవాళ్లుంటేనే అలాంటి వేళ తలుపు బాదేది.

ఈ ప్రాంతంలో ఎక్కువగా ఆలోచించాల్సిన విషయం ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అపార్ట్‌మెంటు అంటే మనకు మధ్యతరగతి ఫ్లాట్లే గుర్తొస్తాయి. విజయనగరంలో సోనియానగర్, సారిక దగ్గర పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లూ అపార్ట్‌మెంట్లే, కింద ఒకటి పైన మూడు అంతస్తులు, 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో.  టిడ్కోలో ఎవరికి ఏ ఫ్లాటు అన్నది లాటరీతో తేల్చారు. లాటరీ న్యాయమే, ఎవరి సిఫారసూ పనిచెయ్యదు. కానీ ఇరవై ఏళ్లు ఒకే గల్లీలో ఉండి, ఒకరి పిల్లలను ఒకరు చూసి పెట్టి కూలికి వెళ్లిన ఆడవాళ్లు ఆ లాటరీతో వేర్వేరు బ్లాకుల్లో పడతారు. పనిలోకి వెళ్లే తల్లికి పక్కింటి పెద్దమ్మ అంటే రోజు కూలి. ఆ పెద్దమ్మ దూరమైతే కూలీ పోతుంది.

కోబెలో ఇదే జరిగింది. భూకంపం తరవాత తాత్కాలిక గృహాలను లాటరీతో ఇచ్చారు, వృద్ధులకూ వికలాంగులకూ ముందు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. ఫలితంగా ముసలివాళ్లంతా తెలియని మనుషుల మధ్య ఒకచోట చేరారు. గదిలో ఒంటరిగా చనిపోయి ఎప్పటికో బయటపడ్డ వృద్ధుల వార్తలు వరసగా వచ్చాయి. జపాన్ ఆ పాఠం నేర్చుకుంది. 2004లో చూయెత్సు భూకంపం వచ్చినప్పుడు ఊళ్లను ఊళ్లుగానే, పొరుగువాళ్లను కలిపే తాత్కాలిక ఇళ్లకు తరలించారు. మన పురపాలక అధికారులు కూడా నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక దరఖాస్తు పెట్టుకుంటే ఒకే అంతస్తు ఇచ్చే పద్ధతి పెట్టవచ్చు. లాటరీ తియ్యండి, కానీ గుంపులకు తియ్యండి. ఖర్చు పైసా లేదు.

చట్టం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం యజమానుల సంఘం ఉండాలంది. 2016 నాటి రెరా చట్టం ఫ్లాట్లలో సగానికి పైగా బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా చూడాలని బిల్డరును ఆదేశించింది, అందులో పాలుపంచుకోవడం కొన్నవాళ్ల బాధ్యత అంది. రెండూ యజమాని భాషే మాట్లాడతాయి. అద్దెకు ఉన్నవాళ్లకు అందులో చోటు లేదు. అంటే రోజూ మెట్లెక్కి దిగేవాళ్లకు మాట లేదు, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఓనరుకు ఓటుంది. ఇది చాలా పెద్ద లోపం. చట్టం మారేదాకా ఆగకుండా, అద్దెవాళ్లను మీటింగుకు పిలవాలని సంఘాలే తీర్మానం చేసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులైతే నీళ్లు రావు, లిఫ్టు పనిచెయ్యదు అని చెప్పడానికి బాగా పనికొస్తాయి. మొహం చూడకుండా ఫిర్యాదు చేసుకోవడం కూడా అవే నేర్పాయి.

పండగలది వేరే దారి. ఫ్రాన్స్‌లో 1999లో పారిస్ 17వ వార్డులో అతనాజ్ పెరిఫాన్ అనే స్థానిక ప్రతినిధి పొరుగువాళ్ల పండగ మొదలుపెట్టాడు. తన పేటలో ఒక ముసలావిడ ఫ్లాటులో చనిపోయి నెలల తరబడి ఎవరికీ తెలియకపోవడం ఆయన్ను కదిలించింది. ఏడాదికి ఒక సాయంత్రం భవనం ముంగిట బల్లలు వేసి ఎవరింట్లో వండింది వాళ్లు తెచ్చుకుని కలిసి తింటారు. అది ఫ్రాన్స్ దాటి ఎన్నో దేశాలకు పాకింది.

మనకు పండగలకు కొరత లేదు. వినాయక చవితికి సెల్లారులో పందిరి వేస్తారు, చందాలు వేస్తారు, లడ్డూ వేలం పాడతారు. ఆ తొమ్మిది రోజులూ పిల్లలు ఒక్క మూక అయిపోతారు, పెద్దవాళ్లకు పేర్లు తెలుస్తాయి. అది నిజంగా మంచి పని చేస్తుంది. కానీ క్రైస్తవులూ ముస్లిములూ ఉన్న భవనంలో అదొక్కటే సందర్భమైతే వాళ్లు చందా ఇచ్చి పక్కన నిలబడతారు. క్రిస్మస్ కేకుకూ రంజాన్ సేమియాకూ అదే సెల్లారు తెరుచుకుంటే ఎవరూ పక్కన నిలబడే పని ఉండదు. కార్తీక వనభోజనాల సంగతి మరీ బాధాకరం. ఉసిరి చెట్టు కింద ఊరంతా తినాల్సిన భోజనం ఇవాళ కుల సంఘాల భోజనంగా మారింది. తాటిపూడి జలాశయం గట్టున కార్తీక ఆదివారాల్లో కట్టిన బ్యానర్లు చదివితే ఏ పొయ్యి ఎవరిదో తెలిసిపోతుంది. అపార్ట్‌మెంటంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకుని వెళ్లిన వనభోజనం వీటన్నిటికంటే కార్తీకానికి దగ్గర.

ఇక వాచ్‌మన్ కుటుంబం. పొరుగు గురించి రాసే ఎవరైనా మాట్లాడి తీరవలసిన విషయం ఇదే. విశాఖలో, హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల కింద కాపురముండే చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లు. గజపతినగరం స్టేషనులో రైలెక్కి వెళ్లినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. మెట్ల కింద, మీటరు బోర్డుల పక్కన ఒక్క గది. లోపల మంచం, మంచం కింద ట్రంకు పెట్టె, మేకుకు వేలాడే పిల్లల బడి సంచులు. వర్షం వస్తే సెల్లారులోకి వచ్చే నీళ్లు ముందు వాళ్ల గదిలోకే వస్తాయి.

ఏ ఫ్లాటు తాతగారికి సుగరు, ఏ ఇంటివాళ్లు ఊళ్లో లేరు, ఎవరమ్మాయికి పరీక్షలు, ఎవరి గ్యాసు ఎప్పుడొస్తుంది, అన్నీ తెలిసింది వాచ్‌మన్ ఇల్లాలికే. మూడో అంతస్తు కబురు ఐదో అంతస్తుకు చేరేది ఆమె ద్వారానే. భవనంలో నిజంగా పొరుగు అనే పని చేస్తున్నది ఆ ఒక్క కుటుంబం. ఆ పనికి మనం ఇచ్చే గౌరవం ఏమిటి? విడిగా పెట్టిన గ్లాసు, లిఫ్టు ఎక్కవద్దన్న మాట, మీటింగులో కుర్చీలు వేసే పని. ఫోన్ నంబర్ల జాబితాలో చాలాచోట్ల వాళ్ల ఇంటిపేరు కూడా ఉండదు. పొరుగువాళ్లను కలుపుకోవాలనుకునే అపార్ట్‌మెంటు మొదటి పరిచయం కింది గది నుంచి మొదలుపెట్టాలని నేను గట్టిగా అంటాను. వాళ్ల పిల్లలు మన పిల్లలతో సెల్లారులో సమానంగా ఆడుకోలేకపోతే, పైనున్న కుటుంబాల మధ్య ఎన్ని విందులు జరిగినా అది పొరుగు కాదు.

అతి చనువు బాధ కూడా నిజమే. జీతమెంత, అమ్మాయికి సంబంధం ఎందుకు కుదరలేదు, రాత్రి పదింటికి వచ్చిన ఆ కుర్రాడెవరు అని అడిగే పొరుగు కంటే మూసిన తలుపే నయమని ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసుకునే ఆడపిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు. వీధి నుంచి తెచ్చుకోవలసింది చేబదులు. ఆరా తియ్యడం అక్కడే వదిలెయ్యవచ్చు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తగా దిగినవాళ్లకు స్వీటు డబ్బా పట్టుకెళ్లి ఇవ్వడం మర్యాదే, కానీ ఇవ్వడం కంటే అడగడం బాగా పనిచేస్తుంది. ఇచ్చినవాడికి థాంక్స్ చెప్పి తలుపు వేస్తారు. అడిగినవాణ్ని లోపలికి రమ్మంటారు. ‘పిన్నిగారూ, మాకింకా పాలు కుదరలేదు, మీకెవరు పోస్తారు?’ ‘అన్నయ్యగారూ, ఫ్యాను బిగించాలి, నిచ్చెనుందా?’ ‘తోడుకు కొంచెం పెరుగు ఇస్తారా?’ యాప్‌లో పది నిమిషాల్లో పెరుగు వస్తుందని అందరికీ తెలుసు. తెలిసే అడగాలి. ఆ పైన ‘మీదేవూరండీ?’ అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. రామభద్రపురమనో మానాపురమనో చెప్పగానే ఏదో ఒక చుట్టరికం తగులుతుంది. అది కులం ఆరాగా మారకుండా ఊరి దగ్గరే ఆగితే మంచిది.

భవనమంతటితోనూ స్నేహం ఎవరివల్లా కాదు. మన అంతస్తులోని నాలుగు తలుపులు చాలు. ఆ నలుగురూ కూడా ముందు ఒక్క సంగతి మీద ఒప్పందం చేసుకుంటే చాలు. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల ఇంటి తాళం ఒకటి ఎదుటివాళ్ల దగ్గర ఉండాలి, అమెరికాలో ఉన్న కొడుకు నంబరూ, డాక్టరు నంబరూ ఆ తాళానికే కట్టి ఉండాలి. ఉదయం ఎనిమిదింటికి కూడా పాల ప్యాకెట్టు గుమ్మం ముందే ఉంటే బెల్లు కొట్టాలి. పలకకపోతే ఆగకుండా తాళం తియ్యాలి. ఎవరైనా ఊరెళ్తే ఆ వారం బాధ్యత ఎవరిదో కింది గదిలో చెప్పి వెళ్లాలి.